పదిహేడో మేకు

షిరే లోయలో అక్టోబరు.
గాలి కూడా నీడ వెతుక్కునే వేళ.
ఐదేసి మీటర్లకొకటి
డెబ్బై రెండు ఇనప మేకులు
సుత్తితో దిగేసుకుంటూ పోతున్నాడు వైసన్.
నేల పెంకై ఉంది, కరెంటు దిగదు.
ప్రతి మేకు మొదట్లో చెంబెడు నీళ్లు పోయాలి.

నీళ్లు వెతకడానికి నీళ్లు!
అడగడానికి నాకు నోరు రాలేదు.
డైనెస్సే పాత బోరు వైపు చెయ్యి చూపించింది.
"వాటిని తీసుకోండి. ఎలాగూ మేం తాగం."

మూడేళ్ల కిందటి బోరు అది.
ఆ నీళ్లలో చిక్కుళ్లు ఉడకవు, సబ్బు నురగదు,
పసిపిల్ల మొదటి గుటకకే మొహం తిప్పేసుకుంటుంది.
తవ్వకముందు గీసిన పటం నీలంగా మెరిసిందట.
నీలమంటే నీరే అనుకున్నారు.
ఉప్పు నీరూ నీలమే, బంకమట్టీ నీలమే.
ఆ రంగు ఏ లెక్కలోంచి వచ్చిందో చూద్దామంటే
లెక్కకు తాళం,
తాళానికి అద్దె,
అద్దెకు గడువు.

మేం తెచ్చుకున్నదానికి తాళం లేదు.
ప్రతి వరుసా చదవొచ్చు, దిద్దొచ్చు,
దిద్దినదాన్ని తిరిగి అందరి మధ్యా పెట్టొచ్చు.
రాసినవాళ్ల మొహాలు మాకు తెలియవు,
చేతివాటం తెలుసు.
చిలీ ఎడారిలో హెనొవెవా
ప్రతి లెక్క నెత్తినా రెండు ముక్కల్లో కారణం రాస్తుంది.
గోబీ అంచున గొర్రెల బావులు చూసే ఓయున్‌బిలేగ్
ఒక్క ముక్కా రాయడు, తప్పూ చెయ్యడు.
ఇంకెవరో ఒకరు, ఊరూ పేరూ లేదు,
"నిద్ర పట్టక" అని మాత్రం రాసిపెట్టారు.

సాయంత్రం కొలతలు ఎక్కించాం.
మొత్తం కుప్పకూలింది.
పదిహేడో మేకు పలకడం లేదు.
వెళ్లి చూస్తే తీగ తెగి ఉంది,
తెగిన కొస నములుతూ డైనెస్ మేక.

మా అక్షరాల్లో మేకకు కొమ్మిస్తే మేకు.
ఇక్కడ కొమ్ములున్న మేకే వచ్చి మేకు నోరు నొక్కింది.
ఈ చమత్కారం వైసన్‌కి చెప్పలేకపోయాను,
వాళ్ల మాటలో మేక అంటే 'ంబుజి'.
అయినా ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

రాత్రి దోమతెర కింద కూర్చుని
ఆరు వరుసలు రాశాడు వైసన్:
ఒక మేకు మాట్లాడకపోతే
మిగతా డెబ్బై ఒకటి చెప్పేది విను.
తెల్లారేసరికి హెనొవెవా జవాబు.
"బాగుంది. కానీ లెక్క సున్నాతో మొదలవుతుంది,
నువ్వు నోరు మూయించింది పద్దెనిమిదోదాన్ని.
అసలు ఆ మేకుకి ఏమైంది?"
"మేక తిన్నది."
హాస్యమనుకుంది. ఫొటో పంపాడు.

పటం వచ్చింది. ఊరి కింద ఊరంతా ఉప్పే.
పాత వాగు దారి దగ్గర మాత్రం
గోరంత తేడా, అది తీపో మా కోరికో తెలియలేదు.
తవ్వొద్దని చెప్పాం.
ఆ మాట పలకడానికి వైసన్‌కి
టీ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు పట్టింది.
ఊరి పెద్ద న్యాచిపేటా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా.
తర్వాత అడిగింది, "ఇది ఇంకెవరికి కనిపిస్తుంది?"
ఎవరు చూడాలనుకుంటే వాళ్లకి.
"అయితే మా పాడుబోరూ అందులో రాయండి.
వాగు అవతలి వాళ్లు వచ్చే ఏడు
అప్పు తెచ్చి తవ్వుతామంటున్నారు."
రాశాం. లోతు, ఉప్పు, తేదీ,
పసిపిల్ల మొహం తిప్పుకున్న సంగతి తప్ప అన్నీ.

ఇప్పుడు ఏ దేశంలో ఎవరు ఒక్క వరుస మార్చినా
దాన్ని ఒప్పుకునే ముందు ఒక పరీక్ష నడుస్తుంది.
హెనొవెవా దానికి 'ంబుజి' అని పేరు పెట్టింది.
ఒక మేక వచ్చి పదిహేడో తీగ కొరికిపోతుంది,
లెక్క నిలబడాలి.
ఓయున్‌బిలేగ్ మొదటిసారి ఒక ముక్క రాశాడు:
"మా దగ్గర ఒంటెలు."

తీగ ఖరీదు ఎంతని డైనెస్ అడిగింది.
వైసన్ వద్దన్నాడు,
మేకని మాత్రం కట్టేయమన్నాడు.

కట్టేసింది,
మేం పీకడం మర్చిపోయిన
పదిహేడో మేకుకి.