జొహర్‌కీ అసర్‌కీ మధ్య

రువీలో, క్లాక్ టవర్ వెనక సందులో
మా ట్రావెల్స్ ఆఫీసు.
ఏసీ కారే చోట బకెట్ పెట్టి
దాని పక్కన వేసిన కుర్చీ నాది.
పన్నెండేళ్లుగా నేను చూడని ఊళ్లకి
టైములు చెబుతున్నాను.

ఆగస్టు మధ్యాహ్నం, షట్టర్ సగం దించాక
వంగి లోపలికొచ్చాడు హమూద్ మామ.
ఒకప్పుడు మత్రా రేవులో చేపల వేలం పాడిన గొంతు
సగం హిందీలో, మెల్లగా అడిగింది:
"పోర్తో నుంచి క్రాకోకి ఎంత దూరం?"

ఎవరికి, ఏ తేదీకి, అన్నాను అలవాటుగా.
టికెట్టు వద్దన్నాడు. దూరమొక్కటే చాలన్నాడు.
పెద్దమ్మాయి పోర్తోలో, సముద్రపు నాచు మీద చదువు.
చిన్నది క్రాకోలో, పళ్ల డాక్టరు కాబోతోంది.
ఇక్కణ్ణుంచి ఒక్కొక్కరికీ ఎంతో ఆయనకి తెలుసు,
ఫీజులు కట్టేవాడికి తెలీకుండా ఉంటుందా.
"వాళ్లిద్దరి మధ్యా ఎంత?
రంజాన్ నుంచీ మాటల్లేవు.
దూరమెంతో తెలిస్తే
తప్పు దూరానిదో పిల్లలదో తేల్చుకుంటాను."

స్క్రీన్ మీద గీత గీసి చూపించాను.
రెండువేల నాలుగు వందల కిలోమీటర్లు, అటూఇటూగా.
కిలోమీటర్లు ఆయన చెవికి ఎక్కలేదు.
గాల్లో మూడుంబావు గంటలు, అన్నాను.
వేళ్ల కణుపుల మీద లెక్కేసుకున్నాడు.
"అంటే జొహర్ చదివి ఎక్కితే
అసర్‌కి దిగొచ్చు. అంతేనా!"
వంజరం చవగ్గా కొట్టేసినవాడిలా నవ్వాడు.

అక్కడితో నోరు మూసుకోవలసింది.
నేరుగా విమానం కనబడట్లేదు మామా,
మధ్యలో ఎక్కడో దిగి మారాలి,
ఆ పడిగాపులు కలిపితే తొమ్మిది గంటలు, అన్నాను.
పైగా క్రాకో ఒక గంట ముందుంటుంది.

కుమ్మా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"అక్కాచెల్లెళ్లకి కూడా
మధ్యలో మూడో ఊరు కావాలా?"
నా స్క్రీన్‌లో దానికి గడి లేదు.
ప్రింటు తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి
టోపీ లోపల దోపుకుని
నూరు బైసాల నోటు బల్ల మీద పెట్టి వెళ్లాడు.
వద్దన్నా వినలేదు.

షట్టర్ పూర్తిగా దించాను.
బకెట్ పారబోసి వచ్చాను.
ఎవరూ లేనప్పుడు టైపు చేసే పేర్లు రెండున్నాయి.
మస్కట్. కువైట్.
పన్నెండు వందల కిలోమీటర్లు. రెండు గంటలు.
జొహర్ చదివి ఎక్కితే అసర్‌కి ముందే.
నమాజు చదివేవాణ్ణి కాను, అయినా లెక్క అలాగే వస్తోంది ఇవాళ.

జహ్రాలో పుష్పవేణి
తుంటి విరిగిన ముసలామెకి మళ్లీ నడక నేర్పుతోంది.
తన పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలో,
నాది మేనేజరు సొరుగులో.
తనకి సెలవు కార్తీకంలో, నాకు వైశాఖంలో.
మస్కట్ నుంచి కువైట్‌కి మాకున్న దారి
రాజమండ్రి మీదుగా.
ఇద్దరం అక్కడ దిగాలి. ఒకే నెలలో దిగాలి.
అలా దిగి మూడేళ్లయింది.

కూతవేటు దూరం అంటారు మా లంకల్లో,
ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున వినబడేంత.
పడవవాణ్ణి అలాగే పిలిచేవాళ్లం.
ఇప్పుడు కేక బాగానే వినబడుతుంది,
పడవే లేదు.

రాత్రి పదకొండుకి ఫోన్ మోగుతుంది.
అక్కడ పది.
అన్నం తిన్నావా, అంటుంది.
పదింటికే తిన్నానే, అంటాను.
"అయితే నా గడియారంలో
ఇప్పుడే కంచం ముందు కూర్చున్నావు.
ఏం కూర?"