వానడబ్బా

పొద్దున ఎనిమిదిన్నరకి
తహసీల్దారాఫీసు వెనక కంప సందులో
డబ్బా మూత తీసి నీళ్ళు కొలిచేది నా పని.
పదకొండేళ్ళుగా తవణంపల్లె మండలంలో
ఆకాశం ఇచ్చినదానికి రసీదు రాసేది నేనే.

మూడు రోజులుగా డబ్బా ఎండు.
అడుగున ఒక చీమ.

రేడియోలో మాత్రం వాన మొదలైపోయింది:
నైరుతి బంగాళాఖాతంలో వాయుగుండం,
వాయవ్యంగా కదిలి, తుపానుగా బలపడి,
రేపు రాత్రికి తీరం దాటవచ్చును.
చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్కడక్కడ
భారీ నుంచి అతి భారీ.
ఆపైన వారం దినాలు చలి పెరుగును.

పేరు కూడా పెట్టినారు దానికి.
ఏ దేశం మాటో, మా నాలికలకి తిరగలేదు.
రెడ్డెమ్మత్త "ఆయమ్మ" అనేసింది.
ఆయమ్మ ఇంకా సముద్రంలోనే ఉందా,
దోవ పట్టిందా?

"అక్కడక్కడ అంటే యాడ?"
చెంగల్రాయులు నన్ను గేటు కాడే నిలేసినాడు.
ఆరు టన్నుల చెరకు కొట్టి పెట్టుకున్నాడు.
కొట్టిన చెరకు నిలవుంటే పులుస్తాది.
తడిసిన పిప్పి పొయ్యిలో కాలదు.
"నీకు తెలీకుండా ఉంటుందా పాపా,
వాన నీ డబ్బాలోనే కదా పడేది?"

నేనేం చెప్పేది అన్నా,
నాది పడినాక లెక్క.
పడబోయేదాన్ని కొలిచే గ్లాసు
గవర్మెంటు నాకియ్యలేదు.

సాయంత్రానికి కొండ దగ్గరికొచ్చినట్టు కనిపించింది,
బండల మీద గీతలతో సహా.
గానుగ పొగ పడమటికి పడుకునింది.
మిలిటరీ నుంచి దిగిపోయిన గుర్రప్ప
సారాయంగడి గోడకి ఆనుకోని అన్నాడు:
ద్రాసులో మంచు తుపాను చూసినా నేను.
దానికి సద్దుండదు.
పొద్దున లేస్తే తలుపుండదు.

ఉలవ చేలో నా చీర అంచు తడిపేదీ మంచే,
ఆయన తలుపు మింగిందీ మంచే.
ఒకే మాటకి ఆ కొస ఆయన, ఈ కొస నేను పట్టుకోని
కాసేపు ఊరికే ఉండిపోయినాం.

వండేద్దాం ఈ రాత్రికే, అన్నారు.
ఎవరన్నారో తెలీదు.
పోయిన ఎన్నికల ఫ్లెక్సీలు తెచ్చి
పిప్పి కుప్ప మీద కప్పినారు.
ఆ నమస్కారాలన్నీ పిప్పికే.
ఇంజను దగ్గి దగ్గి అందుకునింది.
మొదటి పెనం, రెండో పెనం,
నురుగు తీసే జల్లెడ చేతులు మారతా ఉంది,
పిల్లోళ్ళు చలికి పొయ్యి నోటికాడ గుంపుగా కూచుని
పెద్దోళ్ళ తిట్లన్నీ నేర్చుకుంటా ఉన్నారు.

మునస్వామి పాకం చుక్కని చన్నీళ్ళ గిన్నెలో వేసి
రెండు వేళ్ళతో తడిమి చూసినాడు.
"ఇంకో మూడు పొంగులు. అప్పుడు దించండి."
మూడే పొంగింది. దించినారు.
ఆ రాత్రంతా రాబోయేదాన్ని
తప్పకుండా చెప్పింది ఆయనొక్కడే.

మూడున్నరకి మొదటి చినుకు
రేకు మీద, గోరుతో కొట్టినట్టు.
నాలుగో పెనం అడుగంటింది.
ఐదోది ఎత్తనే లేదు.
చెంగల్రాయులు మిగిలిన చెరకు కట్ట మీద
తువ్వాలు కప్పినాడు.
తువ్వాలెంత, కట్టెంత.

ఎనిమిదిన్నరకి గొడుగు తిరగబడినా పోయినా.
గాజు గ్లాసుతో ఐదుసార్లు నిండా,
ఆరోసారి అడుగున రవ్వంత.
"నూట నాలుగు పాయింట్ రెండు సార్."
చిత్తూరు నుంచి ఆ గొంతు రాసుకుంటా ఉంది.
"రిమార్కులు?"

గ్లాసులో నీళ్ళ మీద
పిప్పి మసి తిరగతా ఉంది, సన్నంగా, నల్లంగా.
"లేవు సార్."

పారబోసేముందు వేలు ముంచి
నాలిక మీద పెట్టుకున్నా.
తియ్యగా లేదు.
పళ్ళు జివ్వుమన్నాయి.