అడ్డగీత

గోటి మీద పట్టేంత మీట అది.
ఒకసారి నొక్కితే పచ్చ టిక్కు: కొండ దిగి వచ్చింది.
మళ్ళీ నొక్కితే ఎర్ర ఇంటూ గుర్తు: ఇక రాదు.
మూడోసారి నొక్కితే
బూడిదరంగు అడ్డగీత.

ఆ గీత గీసింది నేనే,
ఆకురేరిలో, రెండో అంతస్తులో,
కిటికీకి ఉప్పు పేరుకున్న గదిలో.
ఒక్కదానికే మూడు పనులు అప్పజెప్పి మురిసిపోయాను.

జల్లెడ పట్టేటప్పుడు: ఏదైనా సరే, అన్నీ చూపించు.
మందనంతా ఎంచుకుని దిద్దేటప్పుడు:
కొన్ని ఇలా, కొన్ని అలా, నా జోలికి రాకు.
ఒంటరి గొర్రె పక్కనైతే: తెలియదు.

పొదుపు అనుకున్నాను.
గోడ మీద పిల్లికి మూడు ఉద్యోగాలిచ్చానని
అప్పుడు తోచలేదు.

సెప్టెంబరులో గుర్రాల మీద వెళ్ళి
కొండల్లోంచి మందల్ని దింపుకొస్తారు ఇక్కడ.
గుండ్రటి రాతి దొడ్డి,
చుట్టూ బండిచక్రం ఆకుల్లా గదులు,
చెవి కోత చూసి, కొమ్ములు పట్టుకుని,
కాళ్ళ మధ్య ఇరికించుకుని
ఎవరివి వాళ్ళు లాక్కుపోతారు.
నేను చూసిన జల్లెడలన్నిటిలోకీ
తడి ఉన్ని వాసన వేసేది అదొక్కటే.

హాల్‌ముందుర్‌వి రెండువందల ఎనభై ఆరు.
పదకొండు కనపళ్ళేదు.
వాటిని ఎరుపు దాకా నొక్కలేదాయన,
అడ్డగీత దగ్గరే ఆపాడు.

అక్టోబరులో ఓ రాత్రి మనవరాలు ఎయ్‌దీస్
చెవిబిళ్ళల రంగు మారుద్దామని
మందనంతా ఎంచుకుంది.
పక్కనే బూడిద గీత.
దుమ్మనుకుందో ఏమో, వేలితో తుడిచింది.

అంతే.
రెండువందల ఎనభై ఆరూ ఒకే గాటన పడ్డాయి.
అన్నీ పచ్చ.

పొద్దున్నే ఫోను.
"స్టేన్‌వోర్, నీ యంత్రం నా పదకొండింటినీ ఇంటికి తోలుకొచ్చిందట.
కొట్టంలో పదకొండు చోట్ల గడ్డి అలాగే ఉంది.
ఎక్కడ కట్టేసిందో కాస్త అడిగి చెప్పు."

తిట్టలేదు. తిడితే బావుండేది.

పాత ప్రతిలోంచి పదకొండు పేర్లూ వెతికి తీశాను.
ఆ వారమంతా మీటని కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను.
జల్లెడకి ఇప్పుడు అడ్డగీత లేదు, ఖాళీ వలయం.
మందని దిద్దేచోట ముందే అడుగుతుంది:
పదకొండు వేరుగా ఉన్నాయి, వాటినీ మార్చనా?
అయినా వేలు జారితే, ఇంకో రెండు నొక్కుల్లో
ఎవరి గుర్తు వారికి తిరిగొస్తుంది,
పచ్చవి పచ్చగా, గీతవి గీతగా.

అసలు గీత ఒక్కచోటే మిగిలింది,
ఒంటరి గొర్రె పక్కన.

నవంబరు గాలింపులో, నడుంలోతు మంచులో
పది దొరికాయి.
ఆరు ప్రాణంతో.
నాలుగు చెవిబిళ్ళలుగా.
అన్నీ ఒకేసారి దిద్దొచ్చని చెప్పాను.
ఒక్కొక్కటే నొక్కాడట, పేరు పైకి చదివి.

గోల్సా మాత్రం అలాగే ఉంది.
తొమ్మిదేళ్ళ ముసలిది, ఒక కొమ్ము విరిగింది.
సర్కారు పత్రంలో రెండే గళ్ళు: ఉంది, లేదు.
గీత అందులో ఎక్కదు,
ఆయన పత్రం ప్రతిసారీ తిరుగుటపాలో వచ్చేస్తోంది.
"ఏదో ఒకటి తేల్చెయ్యండి," అన్నాను.
"నేను చూడలేదుగా," అన్నాడు.

మే నెల. గొర్రెలు ఈనుతున్నాయి.
పరీక్ష కోసమే అనుకుంటూ ఆయన మంద తెరిచి
తెలియనివాటిని జల్లెడ పట్టాను.
ఒకే వరుస.
బాణం గుర్తు దాని మీద చాలాసేపు ఆగింది.
పక్కగదిలో ఎవరో కాఫీ కలుపుకుంటున్నారు.
మూసేశాను.

మార్పులేమీ లేవు, అంది తెర.