ఎడమవైపు సొట్ట

పార్శిల్ మీద 'ఇటుకలు' అని రాసుంది.
పోస్టుమ్యాన్ నవ్వాడు.
"హైదరాబాదు నుంచి ఇటుకలేటమ్మా,
కాశీనగరం బట్టీలు ఆరిపోయాయా?"
విప్పి చూపించాను.
గోరంతవి, వేలంతవి, అగ్గిపెట్టంతవి,
నెత్తిన బొత్తాలున్న ప్లాస్టిక్ ఇటుకలు.
బొత్తాలంటే నాకు బెదురేముంది,
ముప్ఫయ్యేళ్లుగా పర్లాకిమిడిలో జాకెట్లు కుడుతున్నాను.

నాక్కావలసింది చిన్నబండి డీజిలింజను.
నౌపడా నుంచి గుణుపురం దాకా
దారిలో చెయ్యెత్తినవాణ్ణల్లా పలకరించుకుంటూ పోయేది.
నేను కాజాలు నేర్చుకునే రోజుల్లో
అది కూత వెయ్యకముందే
డబ్బాలో బొత్తాలు వణికేవి.
"బండొచ్చింది, టీ పెట్టు" అనేవాడు మాస్టరు.
తరవాత పట్టాలు వెడల్పయ్యాయి, పెద్దబండి వచ్చింది,
మా టీ వేళ తప్పిపోయింది.

ఆధారం ఒక్కటే ఫొటో.
టేపు పెట్టి కొలిచాను.
బానెట్ పొడవు ఇరవై రెండు బొత్తాలు,
క్యాబిన్ ఎత్తు తొమ్మిది ఇటుకలు,
కిటికీ దగ్గర చంక దింపినట్టు చిన్న వాలు.
ఎరుపు దొరికింది. మీగడ రంగు దొరకలేదు,
వచ్చింది ఆస్పత్రి తెలుపు.
డికాక్షన్లో రాత్రంతా నానేశాను.
గుడ్డా అది? పొద్దుటికీ తెల్లగానే చూసింది నన్ను.
రెండు వేసవులు డాబా మీద
వడియాల పక్కన ఎండబెడితే
అప్పుడు పండింది మీగడ.

చక్రాలు రెడీమేడువి పట్టలేదు.
అవి వెడల్పు పట్టాల కొలత,
మాది రెండున్నర అడుగుల నడుం.
కొమ్ముపని దండపాణి మహారాణా దగ్గరికెళ్లాను.
కొంగ మెడ చెక్కుతున్నవాడు తలెత్తి
"ఎన్ని పళ్లు?" అన్నాడు, దువ్వెనలకనుకుని.
"పళ్లు కాదు బాబూ, అంచు.
ఎనిమిది చక్రాలు, లోపలివైపు అంచు."
నల్లటి కొమ్ముముక్కని దీపానికి అడ్డం పెట్టి చూసి
"హెబొ" అన్నాడు.
అయింది. నాలుగు నెలలకి అయింది.

రిటైరైన గార్డు ఖగేశ్వర్రావు
భార్య జాకెట్టు కోసం వచ్చి
జాకెట్టు మరిచిపోయాడు.
కళ్లజోడు తుడిచి, వంగి, చుట్టూ తిరిగి,
"అంతా బాగుంది గానీ ఇది ఆ బండి కాదు" అన్నాడు.
"ఎడమవైపు సొట్టేదీ?
టెంబూరు దగ్గర దున్నపోతు గుద్దింది కదా!"
"పోతుని బండి గుద్దిందా, బండిని పోతు గుద్దిందా?"
"ఏదైతేనేం. పోతు లేచి దులుపుకుని పోయింది,
మేం గంటన్నర నిలబడ్డాం."
నేను చక్రాల కేసి చూసి
కిమ్మనకుండా జాకెట్టు పొట్లం కట్టాను.

ఇటుకకి సొట్ట పడదు.
ఇస్త్రీపెట్టె అంచుతో నొక్కితే
కొట్టంతా కాలిన కంపు, వీధిలోవాళ్లు తొంగిచూశారు.
పెనం మీద మెత్తబెట్టి చూశాను, వంకరపోయింది.
చివరికి మూడో వరసలో
రెండు బొత్తాల ఇటుక ఊడదీసి
వెనక్కి తిప్పి లోతుగా పెట్టాను.
పక్కన పిసరంత చీకటి మిగిలింది.
కుట్టు విప్పినచోట కనపడే చీకటి లాంటిది.
దాన్ని మూయలేదు.

ఇప్పుడది మిషను బల్ల మీద ఉంది.
మధ్యాహ్నం గీతాంజలి పాణిగ్రాహి బ్లౌజుకి
ఆఖరి కుట్టు వేస్తూ గట్టిగా తొక్కుతుంటే
డబ్బాలో బొత్తాలు గలగలమన్నాయి,
కొమ్ము చక్రాలు నూలుపోగంత
ముందుకి జరిగాయి.

లేచి టీ పెట్టాను.