మోకాళ్లూనని గుడి

మర్రిగూడ రోడ్డు దిగి మట్టిబాటల ఒక మైలు,
కందిచేన్ల నడుమ మా సి.ఎస్.ఐ. గుడి.
పెంకులు రెండుసార్లు మార్చినం. గంట మాత్రం పాతదే,
ఇనుపపట్టా ముక్క, రైలుదంట,
ఏసోబు తాత బోల్టుతోని కొడితే
అవతలి ఊరి దాక వినిపిస్తదని మా నమ్మకం.
అవతలి ఊరోళ్లను అడగలే ఎన్నడూ.

ఆరాధన పుస్తకంల సన్నక్షరాలతో ఒక మాట ఉంటది,
ఇక్కడ అందరూ మోకాళ్లూనాలని.
మా పుస్తకాలల్ల ఆ మాట మీద గీత లేదు, కొట్టివేత లేదు.
అయినా ఆ చోటు వచ్చినప్పుడు
మేమంతా లేచి నిలబడతం.

కొత్తగ వచ్చిన అయ్యగారు, నిరీక్షణరావు గారు,
ఖమ్మం దిక్కు మనిషి, నలభై దాటలే,
మొదటి ఆదివారం బల్ల మీది తెల్లగుడ్డ సర్ది
తను మోకరించి
వెనుక అలికిడి వేరేగ వినబడితే తిరిగి చూసిండు.
నూటపది మందిమి నిలబడి ఉన్నం.
గొంతు సవరించుకుని మళ్లీ చదివిండు, ఈసారి జర గట్టిగ.
ఎవరూ కదలలే.
పిల్లలు మా కొంగుల చాటున నవ్విన్రు.

ఆరాధన అయినంక సంఘం రిజిస్టరు తెచ్చి ముందర పెట్టిన.
రాసేది నేనే, పదహారేండ్ల సంది.
చెప్పాలె గదా ఆయనకు.
అయ్యగారూ, ఈ ఊరి బోరు నీళ్లు చూపుకు తేట.
అన్నమే పచ్చగ ఉడికేది.
ఆ నీళ్లతోనే బాప్తిస్మం పొందినం,
ఆ నీళ్లే ద్రాక్షరసంల కలుపుకుని తాగినం,
అవే మా ఎముకలల్ల గడ్డకట్టినయి.

దీనమ్మత్త ముప్పైనాలుగేండ్లకే వంగింది.
నడిచినా నిలబడ్డా నేలనే చూస్తది.
మోకాళ్లు మాత్రం మడతపడవు, గడ్డపారల లెక్క.
ఒక గుడ్ ఫ్రైడే నాడు అందరూ మోకరిస్తే
ఆమె ఒక్కతె మిగిలింది నడుమ,
కోసిన చేన్ల వదిలేసిన జొన్నకర్ర తీరు.
ఏడ్వలే. చెప్పులేసుకుని పోయింది.
మళ్ల ఆదివారం రాలే. ఆ తర్వాతిదీ రాలే.

ఎవరు తీర్మానించిన్రో కమిటీ పుస్తకంల లేదు, నేను వెదికిన.
మా నాయిన అంటడు, ఏసోబు తాతనే అని.
తాత అంటడు, నాకేం ఎరుక,
ఆనాడు కాలు తిమ్మిరెక్కి లేచి నిలబడ్డ,
నన్ను చూసి వెనుకోళ్లు లేచిన్రు అని.
ఆ మాట విని దీనమ్మత్త వచ్చింది.
రెండో వరుసల, గోడపక్క. ఇప్పటికీ అదే చోటు.

అయ్యగారు రిజిస్టరు మూసి
సమాధుల దిక్కు చానసేపు చూసిండు.
కోతపండుగకు ఎంత వస్తది అని అడిగిండు.
మాట మార్చిండనుకున్న.

కోతపండుగ నాడు దీనమ్మత్త తెచ్చిన సొరకాయ
ముప్పై రూపాయలకు వేలం మొదలై,
పాడుకున్నోడల్లా మళ్లీ గుడికే ఇస్తుంటే
నాలుగుసార్లు అమ్ముడుపోయి తొమ్మిది వందల యాభై తెచ్చింది.
ఆఖరు పాట అయ్యగారిదే.
సొరకాయ సంకన పెట్టుకుని ఇంటికి పోయిండు, తిరిగియ్యలే.

ఇప్పుడు నల్లాలల్ల కృష్ణ నీళ్లొస్తున్నయి.
మొన్న ఆదివారం ఆ చోటు వచ్చినప్పుడు
అయ్యగారు మాకెదురుగ తిరిగి తనూ నిలబడ్డడు.
నా బిడ్డ సువార్త, ఏడేండ్లది,
కాళ్లు లేత కందిమండలు, ఎటంటే అటు వంగుతయి,
సన్నక్షరాలు కూడబలుక్కుని చదివి
చప్పున మోకాళ్ల మీద కూలబడ్డది.
లేపబోయిన.
దీనమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది.
ఇన్నేండ్లకు నేల చూసే ఆ కండ్లకు
గుడిల సూటిగ ఒక మొఖం ఎదురుపడ్డది.
అమ్మమ్మా, జర జరుగు, అన్నది పిల్ల,
నాకు జాగ సాలుతలేదు.