ఏడు పాయింట్ రెండు

ఈ వసంతంలో జెల్మీరా ఒండ్రుషోవా పదవీ విరమణ.
ఆఫీసువాళ్లు ఆమె వ్యాసాల జాబితా అచ్చు వేశారు,
నూట పద్దెనిమిది.
నాకూ ఒక ప్రతి ఇచ్చారు, మర్యాదకి.

నేను పెద్ద చదువులవాణ్ణి కాను. హీలియం మోసేవాణ్ణి.
కోషిత్సెలో, ఆ సంస్థ నేలమాళిగలో
ముప్ఫై నాలుగేళ్లు ఆ చల్లని ద్రవాన్ని నింపాను,
పసిబిడ్డకు ఉగ్గుపట్టినట్టు, చుక్క ఒలక్కుండా.
అందుకే ఆమె వ్యాసాలను లీటర్లలో చదువుతాను.
పదకొండోది: అరవై లీటర్లు, రెండు రాత్రులు, ఒక జలుబు.
నలభయ్యోది: సరిహద్దులో చోప్ దగ్గర రైలు ఆగిపోయింది,
హీలియం రాలేదు,
మూడు వారాలు ఆమె కిటికీ పక్కన కూర్చుని
పాత అయస్కాంతాల లెక్కలన్నీ తిరగదోడింది.
డెబ్భై రెండోది: గ్యాసు సంచి చిరిగింది.
పైకి పోయిన హీలియం మళ్లీ భూమికి రాదట.
"ఎవరి పుట్టినరోజుకో బెలూనైనా కాలేదు పాపం"
అని నవ్వి, రోజంతా మాట్లాడలేదు.

ఇంతకీ ఆవిడ చేసే పనేమిటని నా భార్య అడిగేది.
ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయేమో చూడటం,
అనేవాణ్ణి.
ఒక కత్తి, నిరోధమే ఎరుగని ప్రవాహం.
అయస్కాంతం నీడ పడితే చాలు,
గడప అవతలికి నెట్టేస్తుంది.
రెండో కత్తి ఆ అయస్కాంతమే.
తాకిన చెయ్యి వెళ్లిపోయాక కూడా
ఆ తాకిడిని లోపల దాచుకుంటుంది.
అలుపెరుగనిది ఒకటి, మరుపెరుగనిది ఒకటి,
రెండూ ఒకే స్ఫటికంలో కాపురముంటాయా?
"ఉండవు" అని చెప్పడానికి తొంభై వ్యాసాలు పట్టాయి.
మిగతావాటిలో "బహుశా" అని ఉంటుంది.

నేను వేలు పెట్టి వెతికింది మాత్రం
జాబితాలో లేనిదాన్ని.

తొంభై ఒకటి, జనవరి. రాత్రి రెండున్నర.
గీతలు గీసే పెన్ను కాగితం మీద నడుస్తూ నడుస్తూ
ఏడు పాయింట్ రెండు దగ్గర
మెట్టు తప్పినట్టు సున్నాలోకి జారింది.
ఆమె నా భుజం పట్టుకుంది.
అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అలా ఎప్పుడూ లేదు.
వ్యాసం వెళ్లింది, అచ్చయింది,
పేరు పలకరాని ఊళ్ల నుంచి ఉత్తరాలొచ్చాయి.

ఆగస్టులో పరికరం విప్పుతుంటే
టార్చి వెలుతురులో అతుకు మెరిసింది.
నా అతుకే.
క్రిస్మస్ ముందు హడావిడిలో, తగరం అయిపోయి
సీసంతో అతికాను.
అది కారి, స్ఫటికం అడుగున
పురుగు జాడంత సన్నగా పాకింది.
సీసం తన నిరోధాన్ని వదిలేసే చోటు
ఏడు పాయింట్ రెండు.
ఆ మేడలో ఊడ్చేవాళ్లకి కూడా తెలిసిన సంగతి.

ఆ సాయంత్రం ట్రామ్ దిగాల్సిన చోట దిగలేదు,
ఉక్కు ఫ్యాక్టరీ దాకా పోయి, వచ్చి, మళ్లీ పోయాను.
పొద్దున చెప్పాను.
భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.
తర్వాత టైపు మిషను ముందు కూర్చుని కొట్టింది:
"మేము కొలిచింది మా స్ఫటికాన్ని కాదు, మా అతుకును.
తప్పు నాది."

ప్రతి వ్యాసం చివర, కృతజ్ఞతల్లో,
గాయ్దోష్ అనే నా ఇంటిపేరు ఉంటుంది,
ఎస్ మీది చిన్న కొక్కెం ఎగిరిపోయి గాయ్దోస్‌లా.
ఆ ఒక్క కాగితంలోనే నేను లేను.
దాన్నే పర్సులో పెట్టుకు తిరిగాను,
మడతల దగ్గర చిరిగేదాకా.

నిన్న వీడ్కోలు. కేకు కాస్త పొడిగా ఉంది.
ఒకటి తగ్గింది డాక్టర్, అన్నాను జాబితా చూపించి.
నా జేబులోని పెన్సిల్ లాక్కుని
అట్ట లోపలి వైపు రాసింది:
"నూట పంతొమ్మిది. ఒండ్రుషోవా, గాయ్దోష్.
సీసం మీద ఒక కొలత. ఫలితం సరైనదే."
కొక్కెం ఎంత పెద్దగా గీసిందంటే
దానికి కోటు తగిలించొచ్చు.

"ఎన్ని లీటర్లు పట్టింది?" అని అడిగింది.

ఎనభై నాలుగు, అన్నాను.