ఏడో పలక

లాబీలో ఇత్తడి రేకు మీద
నాలుగు వరుసల్లో అయిపోతుంది ఈ హోటల్ చరిత్ర.
రోజూ పాలిష్ పెట్టి తుడిచీ తుడిచీ
పునాది వేసిన సంవత్సరం సగం అరిగిపోయింది.

నేను కనిగిరి వాణ్ణి. ఏసీ మెకానిక్‌ని.
ఖోర్ ఫక్కాన్ వచ్చేదాకా సముద్రమంటే
క్యాలెండర్లో చూసిందే.
మిగతా కథ పంపుల నజీర్ చెప్పాడు,
టీ తాగినప్పుడల్లా కాస్త కాస్త,
ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పకుండా.

ముందు ఇక్కడ ఒక పడవ ఉండేదట.
ఖల్ఫాన్ వాళ్ళ నాన్న ముత్యాలకు వెళ్ళిన సంబూక్.
ముత్యాల బేరం పడిపోయిన ఏడు
ఒడ్డుకు లాగి, పక్కకు ఒరగబెట్టి,
ఆయన మళ్ళీ దాని వంక చూడలేదు.
నలభై ఏళ్ళు దాని నీడలో మేకలు పడుకున్నాయి.

ఇంజనీరు గీసిన గీతల్లో
సరిగ్గా పడవ ఉన్నచోటే లాబీ వచ్చింది.
తగలబెడదామన్నాడు.
ఖల్ఫాన్ ఔననలేదు, కాదనలేదు.
పక్కనే గొయ్యి తవ్వారు.
రాత్రికి సముద్రం వచ్చి అందులో కూర్చుంది.
తోడారు. మళ్ళీ వచ్చింది.
ఆరు పంపులు, పదకొండు నెలలు.
నజీర్ ఆ మోతలోనే నిద్ర నేర్చుకున్నాడు,
ఏ ఒక్కటి ఆగినా ఉలిక్కిపడి లేచేవాడు.
ఇప్పటికీ చప్పుడు లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ఒకరోజు ఖల్ఫాన్ తల్లి వచ్చింది, కర్ర పొడుచుకుంటూ.
పడవ పక్కటెముకల మీద చెయ్యేసి,
ఇంట్లోవాణ్ణి ఎండలో పడేసి
వచ్చేపోయేవాళ్ళకు పరుపులేస్తారా, అంది.
అంతే.

తాళ్ళరేవు సంగాడి పోలయ్యకు
అప్పటిదాకా సెంట్రింగు చెక్కలు కొట్టే పని.
పడవ దగ్గర ఉలి కాదు, ముందు ముక్కు పెట్టాడట:
చేప నూనె, పత్తి, గుగ్గిలం.
భాష రాదు. ఆరు వేళ్ళు చూపించాడు, ఆర్నెల్లని.
ఖల్ఫాన్ వాటిలో ఒకటి ముడిచాడు.
ఐదు నెలలకు పడవ రిసెప్షన్ బల్ల అయింది.

నిరుడు ఆగస్టులో డక్టు కారుతుంటే
ఆ బల్ల కింద వెల్లకిలా దూరాను, నోట్లో టార్చి.
పలకల అడుగున గీతలు.
ఎలుక పళ్ళేమో అనుకున్నా.
చెమట తుడుచుకుని చూస్తే
మా అవ్వ పాల లెక్కకు గోడ మీద గీసే అంకెలు:
౫, ౬, తర్వాత ౮, ౯.

ఊడదీసేటప్పుడు పోలయ్య వేసుకున్న గుర్తులే
అంటాడు నజీర్. కావచ్చు.
కానీ గాటు లోపలా నలుపే,
చేప నూనె తాగిన పాత నలుపు.
అంతకు చాలా ముందే, మన ఒడ్డునే, ఎవరో
లెక్క తప్పకుండా కొట్టుకుంటూ పోయారేమో.
పోలయ్య కూడా ఇలాగే వెల్లకిలా పడుకుని
కాసేపు సుత్తి పక్కన పెట్టాడేమో.

మరి ఏడు ఏదీ?
ముసలమ్మ జనాజాకు పోయిందని ఒకసారి,
పోలయ్య పెట్టెలో తాళ్ళరేవు చేరిందని ఒకసారి,
పురుగు తినేసిందని ఒకసారి.
టీని బట్టి ఉంటుంది జవాబు.

బల్ల అవతల ఎవరో సూట్‌కేసు దింపారు.
సముద్రం కనిపించే గది కావాలంటున్నారు.

ఆ సాయంత్రం కంప్లైంటు పుస్తకంలో
గది నంబరు ౪౧౨ అని రాశాను.
ఇదేం రాతయ్యా అన్నాడు సూపర్‌వైజరు.
గదే సార్, అన్నాను.
చల్లబడింది.